కోకోకి గట్టు కావాలి

అమలాపురానికి దగ్గర్లోని ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఐదు పేజీలుంది, సంగతి మాత్రం చెబుతాను.

రాసినావిడకి ముప్ఫై మూడేళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటి ఆగస్టులో మామగారికి పక్షవాతం వచ్చింది. ఇంటి నుంచే పని చేసుకుంటానని ఆఫీసులో అడిగి అత్తారింటికి వచ్చేశారు. భర్త హైదరాబాద్‌లోనే ఉండి రెండు వారాలకోసారి వస్తారు. ఆవిడతో పాటు కోకో కూడా వచ్చాడు. చాక్లెట్ రంగు లాబ్రడార్, నాలుగేళ్లవాడు. అక్కడ రోజూ రెండు పూటలా నడక, ఆదివారం కొండాపూర్ డాగ్ పార్కులో పరుగులు. ఇక్కడికొచ్చాక పొద్దున్నే కాలువ గట్టు మీద తిప్పడం మొదలుపెట్టారు. రేవులో బట్టలు ఉతికే ఆడవాళ్లు కసురుకున్నారు. రామాలయం దగ్గర ఊరకుక్కలు చుట్టుముట్టాయి. సంక్రాంతికి వారం ముందు అసలు గొడవ జరిగింది. మెడపట్టీలోంచి తల లాగేసుకున్న కోకో, కొబ్బరిచెట్టు కింద కట్టేసిన పందెం కోడి తోక పట్టుకున్నాడు. కోడి బతికింది, తోక మాత్రం పోయింది. కోడి ఆసామి ఇంటి మీదకొచ్చి ఇరవై వేలు అడిగితే మామగారు భార్యకి చెప్పకుండా తన పింఛను డబ్బులోంచి ఇచ్చేశారు.

అప్పటి నుంచీ నడక బంద్. కోకోని పశువుల పాక పక్కన కట్టేస్తున్నారు. వాడు రాత్రంతా మొరుగుతాడు, కాళ్లు నాక్కుని పుళ్లు చేసుకున్నాడు, బరువు పెరిగాడు. "కుక్కని కుక్కలా ఉంచాలి, అది మనిషా?" అంటారు అత్తగారు. స్నేహితుడి రొయ్యల చెరువు దగ్గర కాపలాకి ఇచ్చేద్దామని భర్త అంటున్నారు. ఆవిడ ముఖ్యంగా అడిగినవి రెండు. కోనసీమలో గానీ, కాకినాడ, రాజమండ్రి వైపు గానీ కుక్కని స్వేచ్ఛగా తిప్పుకునే పార్కో బీచో ఉందా? లేకపోతే కోకోని ఇచ్చేయాల్సిందేనా? చివరి పేజీలో, కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం ఒకటుంది: "పొద్దున ఆ ముప్పావుగంటే నాది అనిపించేది."

*

మీ ఉత్తరంలో కోకో మొదటి నుంచి చివరిదాకా "వాడు". మీ అత్తగారి మాటలు రాసిన చోటల్లా "అది". ఆ తేడా మీకు తెలియకుండానే పడినట్టుంది. నేను మీ పక్షం తీసుకుని "వాడు" అనే రాస్తాను, కానీ "అది" అనేవాళ్లంతా నిర్దయులని మాత్రం ఒప్పుకోను. మన ఊళ్లలో కుక్కకి అన్నం పెట్టని ఇల్లు అరుదు. తాడు కట్టి పక్కన నడిపించడం మాత్రం కొత్త. అందులోనూ నడిపించేది ఇంటి కోడలు. మీకు తగిలిన చిరాకుల్లో సగం కోకో మీదవి కావని నా అనుమానం. ట్రాక్ ప్యాంటు వేసుకుని, తెల్లవారుజామున, ఒంటరిగా, ఏ పనీ చేతిలో లేకుండా గట్టు మీద నడిచే కోడలి మీదవి. బిందెతో వెళ్తే ఎవరూ చూడరు. కుక్కతో వెళ్తే అందరూ చూస్తారు.

ఇక చోటు సంగతి. కొండాపూర్ పార్కు 2018లో జీహెచ్‌ఎంసీ కట్టింది. ఎకరం ముప్పై సెంట్ల నేల, చుట్టూ కంచె. అక్కడ కంచె మీ పని చేసిపెట్టింది. కుక్కలు లోపల, లోకం బయట. అలాంటిది మీకు అందే దూరంలో దొరకలేదని మీరే వెతికి రాశారు. నేను అనేది ఏమిటంటే, వెతకడమే కాస్త తప్పు దారి. పార్కంటే వేరే పనేదీ లేని నేల. డెల్టాలో పని లేని నేల ఉండదు. రేవు ఉతికేవాళ్లది. కొబ్బరిచెట్టు నీడ డిసెంబరు నుంచి పందెం కోళ్లది. కోసిన చేలు బాతుల మందలవి. లాకుల దగ్గర గట్టు వలలు ఆరేసుకునేవాళ్లది. కాగితం మీద గట్టు ప్రభుత్వానిదే అయినా, ఏ గజం ఎవరిదో ఊరందరికీ తెలుసు, మీకు తప్ప. ఇక్కడ చోటు దొరకదండీ, మాట్లాడి కుదుర్చుకోవాలి.

మొదటి దారి, మళ్లీ గట్టుకే వెళ్లడం. చెడ్డ దారేమీ కాదు, కాకపోతే పాత పద్ధతిలో కాదు. మెడపట్టీ తీసేసి ఛాతీ చుట్టూ బిగించే హార్నెస్ కొనండి. తల లాక్కుంటే జారిపోయే పట్టీతో ఇక గుమ్మం దాటొద్దు. రేవులో జనం చేరకముందే రేవు దాటిపోవాలి, లేదా రేవుకి రెండో వైపు, ఇళ్లు లేని ముక్క ఎంచుకోవాలి. కార్తీక మాసంలో తెల్లవారుజాము స్నానాలు, దీపాలు ఉంటాయి కాబట్టి ఆ నెల రోజులూ నడక సాయంత్రానికి మార్చేయండి. ఒక్క నెలే కదా.

నీళ్ల దగ్గర తాడు వదలొద్దు. మా ఇంట్లో రాజుగాడని ఒక నాటు కుక్క ఉండేవాడు. ఒకరోజు కాలువ నిండా పచ్చగా పరుచుకున్న గుర్రపుడెక్కని నేలనుకుని దూకాడు. కింద నిలువెత్తు నీళ్లు. ఈత వచ్చినవాడే, కానీ వేళ్లు కాళ్లకి చుట్టుకుని కదల్లేకపోయాడు. అటుగా వెళ్తున్న ఒకాయన గెడ వేసి లాగాడు. లాబ్రడార్‌కి నీళ్లంటే ఇంకా పిచ్చి. లాకులు, షట్టర్లు ఉన్న చోట అయితే వడి కుక్కనే కాదు, మనిషినీ లాగేస్తుంది. ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేశాక ప్రమాదం పోతుందనుకుంటారేమో, అప్పుడు అడుగున బురద, అందులో సీసా పెంకులు. జూన్‌లో నీళ్లు వదిలేదాకా అంతే.

ఇప్పుడు దాళ్వా చేలు, అంటే రెండో పంట వరి, పచ్చగా ఉన్నాయి. గట్టు దిగనివ్వకండి. చేలగట్ల మీద ఎలుకల కన్నాల దగ్గర మందు కలిపిన నూకలు, బియ్యం పెడతారు. అందులో వాడేది తరచుగా జింక్ ఫాస్ఫైడ్, కుక్క తింటే గంటల వ్యవధే ఉంటుంది. బోదెల్లో నీళ్లు తాగనివ్వకండి, సీసా మీరే పట్టుకెళ్లండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకీ అంటుతుంది. ఏడాదికోసారి వేయించే మల్టీ వ్యాక్సిన్‌లో ఈ జబ్బుకి కూడా ఉందో లేదో మీ డాక్టర్ని అడిగి, కార్డు చూసుకోండి. రేబిస్ టీకా ఎటూ ఉండాలి. గట్టు నుంచి రాగానే చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర మామూలు. చీకట్లో వెళ్తే టార్చి తప్పదు, కట్లపాములు రాత్రుళ్లే తిరుగుతాయి. పాము కరిచిన కుక్కకి ఇంజక్షన్ ఎవరి దగ్గర ఉంటుందో ముందే ఫోన్ చేసి తెలుసుకుని పెట్టుకోండి. ఆ రోజు వచ్చాక వెతుక్కోలేరు.

రామాలయం కుక్కల గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. వాటి వీధిలోకి ఒక కొత్తవాడొచ్చాడు, అడిగాయి, అంతే. తాడు బిగపట్టి లాగితే కోకోకి మీ భయం తెలిసిపోతుంది. ఆగి, తాడు కాస్త వదులు చేసి, వంపు తిరిగినట్టు నెమ్మదిగా పక్కకి తప్పుకోండి. పరుగెత్తొద్దు. రోజూ అదే వేళకి కనబడితే పది పదిహేను రోజుల్లో చాలావరకు లేవడం మానేస్తాయి. ఒకటి మాత్రం మానకుండా మీద పడుతుంటే దారి మార్చండి, పంతం వద్దు. ఎవరికి పంటి గాటు పడినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మీ అత్తగారు పసుపు అద్దుతానన్నా ఆగొద్దు.

చట్టం ఏమంటుందో కూడా అడిగారు. మీ వైపు కొంత ఉంది, మీ మీదా కొంత ఉంది. పెంపుడు కుక్కల్ని పార్కుల్లోకి అసలు రానివ్వకుండా నిషేధించడం సరికాదని, కావాలంటే వేళలు పెట్టుకోమని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి కాకినాడలోనో రాజమండ్రిలోనో మున్సిపల్ పార్కు గేటు దగ్గర కుక్కలు రాకూడదని బోర్డు కనిపిస్తే మర్యాదగా వేళ అడగొచ్చు. ఆ కాగితం చూపించి వాచ్‌మన్‌తో వాదించడం వల్ల మాత్రం ఏమీ రాదు. ఇక మీ మీద ఉన్నది, భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్. మన జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ తీవ్రమైన గాయం గానీ కలగకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

కోడి పందెం చట్టవిరుద్ధం కదా, డబ్బెందుకివ్వాలి అని రాశారు. పందెం నేరమే, కోడిని పెంచడం కాదు. ఆ మనిషి ఏడాదంతా జీడిపప్పూ బాదంపప్పూ పెట్టి పెంచాడు. తప్పు మనది. సంక్రాంతి వెళ్లిపోయింది, కోపం కూడా ఈపాటికి సగం చల్లారి ఉంటుంది. ఒకసారి మీరే వెళ్లి కలవండి, కోకో లేకుండా. "వచ్చే డిసెంబరు నుంచి పండగ దాకా ఈ వైపు తీసుకురాను" అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. గట్టు మీద మీకు అందరికంటే ముందు కావాల్సింది ఆయన ఊరుకోవడమే.

రెండో దారి, వారానికోసారి కారులో బయటికి వెళ్లడం. మీకు సముద్రం దగ్గరే: ఓడలరేవు, ఎస్. యానాం. ఎండ రాకముందు చేరి, ఎండ ముదరకముందు తిరిగొచ్చేయాలి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, అవి పొదగడానికి మరో నెలన్నర పైనే పడుతుంది. గుడ్లు తవ్వి తినేవాటిలో కుక్కలే ముందుంటాయి. అందుకని మే నెల దాటేదాకా ఇసుక మీద తాడు విప్పొద్దు. మే తర్వాత కూడా ఆరేసిన వలలకీ చేపలకీ దూరంగా, ఎవరూ లేని చోట, పొడుగు తాడుతో. ఉప్పు నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి మంచినీళ్లు దండిగా పట్టుకెళ్లండి. అంతర్వేది కూడా బాగుంటుంది, కానీ మాఘమాసంలో స్వామివారి కల్యాణం రోజుల్లో ఆ దరిదాపులకి వెళ్లొద్దు. మనిషికే కాలు పెట్టే చోటుండదు.

కోరింగ గురించి రాశారు. మడ అడవుల మధ్య చెక్క బాట ఫొటోలు చూసి మీకు ఆశ పుట్టినట్టుంది. అది అభయారణ్యం. అక్కడ ఉండాల్సినవి నీటికుక్కలు, కోకో కాదు. మన కుక్కల జబ్బులు అడవి జంతువులకీ అంటుతాయి. ఆ ఒక్కచోటు మీ లెక్కలోంచి తీసేయండి. లొల్ల లాకుల వైపు కొబ్బరిచెట్ల నీడలో నడక హాయిగా ఉంటుంది, అయితే సెలవు రోజుల్లో జనం వస్తారు, మామూలు రోజు చూసుకోండి. గోదావరి లంకల్లోకి మాత్రం జూలై నుంచి సెప్టెంబరు దాకా వెళ్లొద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే చాలా కాజ్‌వేలు మునుగుతాయి. వరద పెరిగితే లంకల పశువులన్నీ ఏటిగట్టు ఎక్కుతాయి, అప్పుడు ఆ గట్టు మీద ఒక లాబ్రడార్ కూడా ఎందుకు?

వీటన్నిటికీ పైన ఎండ ఉంది. మార్చి దాటితే కాస్త పొద్దెక్కగానే రోడ్డు కాలుతుంది. చేతి వెనకవైపు తారు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే వాడు నడవలేడు. మన ఉక్కలో కుక్క రొప్పినా ఒంటి వేడి తొందరగా దిగదు, అందులోనూ ఒళ్లు చేసినవాడు. తూలుతున్నా, చిగుళ్లు మరీ ఎర్రబడినా నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక మీ రెండో ప్రశ్న, ఇచ్చేయడం. మీ ఆయన చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనుకోవట్లేదు. రెండు వారాలకోసారి వచ్చే మనిషికి ఇల్లు ప్రశాంతంగా ఉండాలని ఉంటుంది. కానీ రొయ్యల చెరువు సరైన చోటు కాదు. లాబ్రడార్ కాపలా కుక్క కాదు, దొంగకి కూడా తోక ఊపుతుంది. చెరువు గట్టు మీద నీడ ఉండదు, గొలుసు ఉంటుంది. పైగా చాలామంది రైతులు తెగుళ్ల భయంతో చెరువుల చుట్టూ వలలు, కంచెలు కట్టి కాకుల్నీ పీతల్నీ కుక్కల్నీ రానివ్వరు. ఇవ్వాల్సే వస్తే హైదరాబాద్‌లో వాణ్ణి ఎరిగున్న ఇంటికి, కనీసం నెల రోజులు చూసి ఇవ్వండి. అది ఓటమేమీ కాదు. మామగారి మంచం పక్కన రాత్రుళ్లు మేలుకుని, పగలు మీటింగులు చేసి, కుక్కకి న్యాయం చేయలేకపోతున్నానంటే ఎవరూ మిమ్మల్ని అనకూడదు. కానీ మీ ఉత్తరంలో కొట్టేసి మళ్లీ రాసిన ఆ వాక్యం చూశాక ఒకటి అడగాలనిపించింది. కోకో వెళ్లిపోతే ఆ ముప్పావుగంట మీకు మిగులుతుందా? కుక్క లేకుండా గట్టు మీదకి వెళ్లడానికి ఇంట్లో మీకు ఏ కారణం చెప్పుకునే వీలుంది? నడక మీక్కావాలి అని ఒకసారి మీ ఆయనకి కోకో పేరెత్తకుండా చెప్పి చూడండి. ఆయన ఏమంటారో దాన్నిబట్టి మిగతాది తేలుతుంది.

అత్తగారితో గెలవాలనుకోవద్దు. వంటింటి గుమ్మం, పూజగది, ఆవిడ మంచం, ఈ మూడింటి దరికీ కోకో రాడని మీరే ముందు చెప్పండి. వసారా వాడిది. ఆవిడ అడగకముందే ఒప్పుకున్న హద్దుకి విలువెక్కువ. ఈ మాటతో ఆవిడ మారిపోతారని నేను చెప్పను. రాత్రి మొరుగుడు తగ్గితే మాత్రం మీతో మాట్లాడే గొంతు తగ్గుతుంది.

మామగారి గురించి మీరు రెండు వేర్వేరు పేజీల్లో రెండు సంగతులు రాశారు. డాక్టర్ రోజూ కాస్త నడవమన్నారు, ఆయన వినట్లేదు, ఇది రెండో పేజీ. అత్తగారికి చెప్పకుండా కోడి డబ్బులు ఆయనే ఇచ్చారు, ఇది నాలుగో పేజీ. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదవండి. ఆయన చేతికి తాడు ఎప్పుడూ ఇవ్వకండి, ముప్ఫై కిలోల కుక్క ఒక్క ఊపు లాగితే మళ్లీ మంచమే. కానీ మీరు తాడు పట్టుకుని నెమ్మదిగా నడుస్తుంటే చేతికర్రతో వీధి చివరిదాకా పక్కన రమ్మని అడగొచ్చు. మామగారితో నడిచే కోడలిని చూసి ఊళ్లో ఎవరూ ఏమీ అనరు. రానంటే బలవంతపెట్టకండి, మర్నాడు మళ్లీ అడగండి.

మూడో దారి మీ పెరటి వెనకే ఉంది, మీరు ఒక్క ముక్కలో రాసి దాటేశారు: కౌలుకిచ్చిన డెబ్బై సెంట్ల కొబ్బరితోట. కొండాపూర్ పార్కులో సగం కంటే ఎక్కువే. మొత్తం అక్కర్లేదు, ఇంటికి ఆనుకున్న పదిహేను ఇరవై సెంట్లకి ఇనప మెష్ కట్టిస్తే కోకో తాడు లేకుండా పరుగెత్తే చోటు అవుతుంది. ఖర్చు ఉంది, కౌలుదారుడి ఒప్పుదల కావాలి, కౌలు కాస్త తగ్గించుకోవాల్సి రావచ్చు. కాయలు దింపే రోజుల్లో కోకో తోటలో ఉండకూడదు. ఎలుకల కోసం చెట్ల మొవ్వుల్లో బ్రోమాడియోలోన్ బిళ్లలు పెడుతుంటే అవి కింద పడతాయి. తిన్న కుక్క రెండు మూడు రోజులు బాగానే ఉండి తర్వాత లోపల రక్తం కారి పడిపోతుంది. ఏ చెట్ల మీద పెట్టారో ముందే అడగండి, తిన్నట్టు అనుమానం వస్తే ఆగకుండా డాక్టర్‌కి ఆ మందు పేరు చెప్పండి, విటమిన్ కె ఇస్తారు. కొబ్బరి మధ్యలో కోకో మొక్కలు కూడా ఉన్నాయని రాశారు. పేరు పెట్టుకున్నా సరే, కోకో గింజ మీ కోకోకి విషమే. చాక్లెట్‌లో కుక్కకి పడని థియోబ్రొమిన్ ఆ గింజలోనే ఉంటుంది. కోకో మొక్కలు లేని ముక్కకే కంచె కట్టించండి, గింజలు ఆరబోసే కళ్లం వైపు వెళ్లకుండా చూడండి.

అడుగున రెండు వరసలు ఇటుకలు పేర్పించడం మర్చిపోవద్దు. మొదటి వారమే వాడు మెష్ కింద గొయ్యి తవ్వుతాడు.